సర్కారు వారికి మూడు పిలుపులు

నేను ఒక ఇత్తడి బిళ్ళను. బంట్రోతు ఛాతీ మీద అడ్డంగా వేసుకునే ఎర్రపట్టీకి నడిమధ్య కుట్టిన బిళ్ళను. బిళ్ళబంట్రోతు అనే మాట మీరు వినే ఉంటారు. అందులో ముందు బిళ్ళ, తర్వాతే బంట్రోతు. మనిషికంటే నన్ను ముందు పెట్టారు కాబట్టి మనిషికంటే నేనే గొప్పదాన్నని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మడానికి ఇత్తడికి ఖర్చేముంది?

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవాలనే ఉంది కానీ, నన్ను పోతపోసిన కంచరి బతికి ఉండగా ఆ పప్పులు ఉడకలేదు. "ఇది మొదట జమీందారుగారు ఉమ్మేసే తమ్మపడిగ. తర్వాత కిరీటం బిళ్ళ. ఇప్పుడు సింహాల బిళ్ళ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నిజమే. తెల్లదొరల కాలంలో నా ముఖం మీద కిరీటం ఉండేది. దేశానికి రాజ్యాంగం వచ్చాక కిరీటం బిళ్ళలన్నిటినీ ఏరి కొలిమిలో వేశారు. కరిగి, కొత్త అచ్చులో పడి, సింహాలతో బయటికి వచ్చాను. నాలుగు సింహాలని అంటారు, నా మీద మూడే కనిపిస్తాయి. నాలుగోది వెనకవైపు ఉందని నమ్మాలి. సర్కారులో కొంత భాగం కంటికి కనపడకపోయినా ఎక్కడో ఉండే ఉంటుందని నమ్మడం జనానికి అప్పటినుంచే అలవాటు చేశారు.

నన్ను నీలాడవలస తాలూకా కచేరీకి పంపారు. అక్కడ నన్ను ధరించినవాడు దాలినాయుడు. బారెడు మీసం, బానంత పొట్ట, ఊరి చివర తప్పిపోయిన గేదెను ఇంటి అరుగు మీద నుంచే వెనక్కి రప్పించగల గొంతు. రోజూ పొద్దున్నే నన్ను చింతపండుతో తోమేవాడు. నా అడుగున చెక్కిన 'సత్యమేవ జయతే' అక్షరాల్లో చింతపండు పిప్పి ఇరుక్కునేది. దాన్ని పుల్లతో తీసేవాడు, ఒక్కోరోజు తీసేవాడు కాదు. ఆ రోజుల్లో సత్యం కొంచెం పుల్లగా ఉండేదన్నమాట. నేను వరండాలోకి రాగానే జనం లేచి నిలబడేవారు. దాలినాయుడు తనను చూసి లేస్తున్నారనుకునేవాడు. నేను నన్ను చూసి అనుకునేదాన్ని. నిజానికి వాళ్ళు లేచేది, మేము కూర్చున్నవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ నడుస్తాం కాబట్టి.

అప్పట్లో కచేరీ అంతా ఒకటే హాలు. తహసీల్దారు విశ్వపతిగారే శిస్తు వసూలు చేసేవారు, ఆయనే మేజిస్ట్రేటు. పొద్దున ఫలానావాడు సర్కారు భూమిలో చెట్టు కొట్టాడని కాగితం రాసేవారు. భోంచేసి వచ్చి, కోటు మార్చుకుని, తాను రాసిన కాగితాన్ని తానే చదివి, "ఆహా, ఎంత దుర్మార్గం!" అని ఆశ్చర్యపోయి జుల్మానా వేసేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికి ఆ కాళ్ళు లెక్కపెట్టే ఉద్యోగం కూడా ఇస్తే ఇంకేం కావాలి? నాకు మాత్రం ఇందులో తప్పేమీ తోచలేదు. రెండు పూటలా మెరిసేది నేనే కదా.

రాజ్యాంగం వచ్చిన కొన్నేళ్ళకు ఒక తాపీమేస్త్రి వచ్చి హాలు మధ్యలో గోడ లేపాడు. పాలన చేసేవారి చేతి కింద తీర్పు చెప్పేవారు ఉండకూడదట. అందుకని గోడకు అటు తహసీలు, ఇటు కొత్తగా కోర్టు. హాలు చివరికి వచ్చేసరికి ఇటుకలు అయిపోయాయి కాబట్టి వరండా మాత్రం ఉమ్మడిగా మిగిలిపోయింది. మంచినీళ్ళ కుండ కూడా ఉమ్మడే. దాలినాయుణ్ణీ నన్నూ కోర్టువైపు వేశారు. మొదటి వారమంతా దాలినాయుడు అటొక సలాము, ఇటొక సలాము కొట్టి, భుజం నొప్పెట్టి ఆముదం రాసుకున్నాడు.

కోర్టుకు వచ్చిన మున్సిఫుగారి పేరు పరాంకుశం. గుంటూరువైపు నుంచి వచ్చిన కుర్రాయన, బక్కపలచటి మనిషి, గట్టిగా మాట్లాడడం తెలియదు. ఒకరోజు నీళ్ళ కుండ దగ్గర తహసీల్దారుగారు ఆయన్ని పట్టుకున్నారు.

"ఈ గోడ ఎందుకండీ, గాలి ఆడక చస్తున్నాం. ఇన్నాళ్ళూ అంతా నేనే చూసుకోలేదూ?"

మున్సిఫుగారు నవ్వారు. "పెళ్ళిభోజనం ఉందనుకోండి. ఏమేం వండాలో చెప్పేది పెళ్ళివారు. వండేది వంటవాడు. ఉప్పు సరిపోయిందా అని వంటవాణ్ణే అడిగితే ఏమంటాడు?"

"సరిపోయిందంటాడు."

"అందుకే రుచి చూసేవాణ్ణి వేరే పెట్టారు. పెళ్ళివారంటే అసెంబ్లీ, వంట తమరిది, రుచి చూసే నాలుక నాది. జనానికి నచ్చకపోతే ఎన్నికల్లో పెళ్ళివారినే మారుస్తారు."

"పెళ్ళివారే సున్నం కలిపి వండమంటే?"

"అనకూడదు. ఎవరి విస్తట్లో ఏం వేయకూడదో, ఎవరి విస్తరి లాగేయకూడదో ముందే ఒక పుస్తకంలో రాసిపెట్టారు. పెళ్ళివారైనా, వంటవాడైనా, నేనైనా దానికి లోబడాల్సిందే. రాజ్యాంగమంటే అదే కదండీ."

తహసీల్దారుగారు నీళ్ళు తాగి, "నాకు ఉప్పు తక్కువే అలవాటు" అని వెళ్ళిపోయారు. నేను కూడా ఆ మాటలు సగమే విన్నాను. పెళ్ళిలో నా స్థానం ఏమిటా అని ఆలోచిస్తున్నాను. సన్నాయి అయి ఉంటానని తేల్చుకున్నాను.

ఇక గైరమ్మ సంగతి చెప్పాలి. కచేరీ ప్రహరీకి పడమటివైపు, రోడ్డు అంచున, తాటాకు గుడిసెలో గైరమ్మ ఎండుచేపలు అమ్మేది. మొగుడు సముద్రంలో పోయాడు. ఒక్కతే కూతురు రవణమ్మ. ఆ గుడిసే ఆమెకు ఇల్లు, అంగడి, ఆస్తి. ఉప్పునెత్తళ్ళు, సావడాయలు గంపల్లో పోసి, త్రాసు పట్టుకుని కూర్చునేది. ఆమె త్రాసును ఊళ్ళో ఎవరూ తప్పు పట్టింది లేదు. తప్పంతా గాలిది. పడమటి గాలి తిరిగినప్పుడు నెత్తళ్ళ వాసన తిన్నగా తహసీల్దారుగారి కిటికీలోంచి వచ్చేది. ఆయన ముక్కు సర్కారు ముక్కు.

ఒకరోజు మధ్యాహ్నం తహసీలు మనుషులు నలుగురు వెళ్ళి గుడిసె పీకేశారు. ముందు ఒక్క మాటైనా చెప్పలేదు. గంపలు రోడ్డు మీద పెట్టారు. కాసేపటికి వాన పడింది. ఎండుచేప తడిస్తే ఇక దేనికీ పనికిరాదు. గైరమ్మ తల మీద కొంగు కప్పుకుని, ఒక గంప మీద తానే వాలిపోయి కూర్చుంది. ఆ ఒక్క గంపే దక్కింది. వారం తిరక్కుండా అదే చోట మళ్ళీ తాటాకు వేసుకుంది. "కలెక్టరుగారు తనిఖీకి వచ్చేలోగా మళ్ళీ పీకిస్తాను" అన్నారు తహసీల్దారుగారు.

గైరమ్మ బుచ్చిలింగం అనే వకీలు దగ్గరికి వెళ్ళింది. సర్కారు మీద దావా వేయాలంటే ముందు సర్కారుకు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలని ఆయన చెప్పాడు. పాపం సర్కారు, అదిరిపడుతుందేమోనని! ఉన్న గూడు పీకడానికి గైరమ్మకు రెండు నిమిషాల ముందు కూడా చెప్పనివారికి, గైరమ్మ మాత్రం రెండు నెలల ముందు చెప్పాలి. ఆ రెండు నెలలూ ఆమె గంపలకు తాళ్ళు కట్టే ఉంచింది, ఎప్పుడు పీకినా ఎత్తుకోవడానికి. అదృష్టవశాత్తూ కలెక్టరుగారి తనిఖీ వాయిదా పడింది. చివరికి దావా మా కోర్టులో నంబరు పడి దాఖలైంది.

ఇక్కడ మీకు మా కోర్టు ఆచారం ఒకటి చెప్పాలి. కేసు వంతు రాగానే బంట్రోతు వరండాలోకి వచ్చి మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకు పలకకపోతే రానట్టే లెక్క. దావా వేసినవాడైతే దావా పోతుంది, అవతలివాడైతే అతను లేకుండానే తీర్పు వస్తుంది. ఇంత పెద్ద దేశం, అంత పెద్ద రాజ్యాంగం, హక్కులు, వాటికి కాపలాగా కోర్టులు, ఇదంతా కలిసి చివరికి వచ్చి ఆగేది దాలినాయుడి గొంతు దగ్గర. ఆ గొంతుకు రెండు స్థాయిలుండేవి. చేయి తడిపినవాడి పేరు సంతదాకా వినిపించేది. తడపనివాడి పేరు మీసం దాటేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

దావా మొదటి వాయిదా నాడు గైరమ్మ పొద్దున్నే వచ్చి వరండా మెట్ల కింద కూర్చుంది. దాలినాయుడు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఒలే గైరమ్మా, ఇంటికాడ పులుసెట్టుకోడానికి కాసిన్ని నెత్తళ్ళుంటే సూడు."

"సర్కారు జీతం తీసుకున్నోడివి, నీకు ఊరికే నెత్తళ్ళేటి నాయుడూ? కొనుక్కో. మంచియి సూసి ఇత్తాను."

దాలినాయుడికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. సింహాలు ఛాతీ మీద ఉండగా నెత్తళ్ళు కొనుక్కోవాలా? వంతు వచ్చినప్పుడు దాలినాయుడు స్తంభం వైపు తిరిగి, "దుప్పల గైరమ్మ, దుప్పల గైరమ్మ, దుప్పల గైరమ్మ" అని మంత్రం జపించినట్టు అనేశాడు. స్తంభం మీది పిచ్చుక కూడా కదల్లేదు. వకీలు బుచ్చిలింగం ఎదురు హోటల్లో కాఫీ తాగుతున్నాడు. వాది రాలేదని దావా కొట్టేశారు.

సంగతి తెలియగానే గైరమ్మ మెట్లెక్కి, నేరుగా హాల్లోకి వచ్చి నిలబడింది. దాలినాయుడు అడ్డం వెళితే అతని పొట్టను పక్కకు నెట్టింది. ఆ తోపుడు నాకూ తగిలింది.

"బాబూ, నాను పొద్దుటేల నుంచి మెట్ల కాడే కూకున్నాను. పిలిత్తే పలకనా? నా కూడు అందులో ఉంది బాబూ. నాకెందుకు పలకబుద్ధి కాదు?"

మున్సిఫుగారు ఆమె మాట విని కలం పక్కన పెట్టారు. తర్వాత దాలినాయుడితో, "ఇందాక ఎలా పిలిచావో అలాగే మళ్ళీ పిలువు" అన్నారు. దాలినాయుడు మళ్ళీ పిలిచాడు. ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకుని విన్నారు. కోర్టులో అందరూ తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. దాలినాయుడి చెమట కారి నా మీద పడింది. ఆ మధ్యాహ్నమే బుచ్చిలింగం అర్జీ పెట్టడం, దావా మళ్ళీ నిలబడడం జరిగిపోయాయి. మున్సిఫుగారు ఇంకో మాట కూడా చెప్పారు: ఇకనుంచి దాలినాయుడు వరండా చివరి మెట్టు మీద నిలబడి పిలవాలి, ఎవరినైనా సరే, గైరమ్మ గుడిసెదాకా వినిపించాలి.

రెండో వాయిదా వచ్చింది. దాలినాయుడు అవమానంతో, కసితో, "దుప్పల గైరమ్మా!" అని ఒక్క కేక పెట్టాడు. రోడ్డు మీద ఎడ్లబండి ఆగిపోయింది. గైరమ్మ మొదటి పిలుపుకే వచ్చి నిలబడింది.

"ఇప్పుడు ప్రతివాదిని పిలువు" అన్నారు మున్సిఫుగారు.

దాలినాయుడు కదల్లేదు. ప్రతివాది సర్కారు, సర్కారు తరఫున తహసీల్దారుగారు. ఆయన వకీలును కూడా పెట్టుకోలేదు. గోడ పక్కనున్న కోర్టుకు వకీలెందుకన్నారు. ఆయన్ని పిలవాలంటే ఎలా పిలవాలో దాలినాయుడికి ఇన్నేళ్ళుగా తెలిసింది ఒకటే: లోపలికి వెళ్ళి, వంగి, సలాము చేసి, "బాబుగారూ, తవరు కూసింత దయసేయాల" అనడం.

"లోపలికెళ్ళి సెప్పి వత్తాను బాబూ."

"వద్దు. అందరినీ ఎక్కడ నిలబడి పిలుస్తావో అక్కడే నిలబడి పిలువు. కాగితంలో ఉన్న పేరుతో పిలువు."

దాలినాయుడు చివరి మెట్టు మీదికి వెళ్ళాడు. అతని గుండె దడదడలాడడం నాకు వినిపించింది. నా వెనకే కదా ఉంటుంది.

"ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం! తరఫున నీలాడవలస తహసీల్దారూ!"

ఉమ్మడి వరండాలో జనమంతా మెట్లవైపు తిరిగారు. సర్కారు మనుషుల్ని పిలవడం అందరూ విన్నారు. సర్కారును పిలవడం ఎవరూ వినలేదు. మేము నిలబడ్డ చోటి నుంచి తహసీలు కిటికీ కనిపిస్తుంది. విశ్వపతిగారు కుర్చీలోనే ఉన్నారు, సాసరులో టీ పోసుకుంటున్నారు. హెడ్డుగుమాస్తా గాభరాగా ఏదో అన్నాడు. "దాలినాయుడు లోపలికి వచ్చి చెబుతాడు లేవయ్యా. బజార్లో అరిస్తే పరిగెత్తడానికి నేనేమన్నా గైరమ్మనా?" అన్నారాయన.

రెండో పిలుపు. ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. తలపాగా సర్దుకున్నారు. గుమ్మంవైపు చూశారు, దాలినాయుడు ఇంకా రాడేమని. మళ్ళీ కూర్చున్నారు.

ఆ క్షణంలో నాకు మతిపోయింది. ఇన్నేళ్ళూ నేనే సర్కారు అనుకున్నాను. మరి పిలుస్తున్నది ఎవర్ని? నన్నే అయితే నన్ను ఛాతీ మీద పెట్టుకున్నవాడే నన్ను పిలవడమేమిటి? మూడో పిలుపుకు "ఉన్నాను!" అని అరుద్దామని నిజంగానే అనిపించింది. అరవలేకపోయాను. ఇత్తడిని ఎవరైనా కొడితేనే మోగుతుంది, దానంతటది మోగదు. మూడో పిలుపు సంతదాకా వెళ్ళి తిరిగొచ్చింది. సర్కారు పలకలేదు. కోర్టుకు పదడుగుల దూరంలో, కోటు తొడుక్కుని, టీ తాగుతూ, సర్కారు గైరుహాజరైంది.

గైరమ్మను బోనెక్కించారు. ఏం కావాలమ్మా అని అడిగారు మున్సిఫుగారు.

"ఆ జాగా సర్కారుదే అవొచ్చు బాబూ, నాను కాదననేదు. తియ్యమంటే తీత్తాను. మరి నన్నడగాల కదా? నాను సెప్పింది ఇనాల కదా? కుక్కనైనా ముందు అదిలించి అప్పుడు తరువుతారు. నాను మడిసిని. నెత్తళ్ళన్నీ తడిసిపోయినాయి బాబూ."

చివరి మాట దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది. అంతవరకూ రాలేదు. నాకు కళ్ళు లేవు కానీ, ఉండి ఉంటే ఆ రోజు చిలుము పట్టేవి.

మున్సిఫుగారి తీర్పు చిన్నదే. రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వమైనా గైరమ్మ అయినా చట్టానికి ఒకటే. మనిషి బతుకుతెరువు తీసేముందు నోటీసు ఇచ్చి, వచ్చి చెప్పుకోమని పిలిచి, చెప్పింది విని, అప్పుడు నిర్ణయించాలి. అంతవరకూ గుడిసె మీద చేయి వేయకూడదు.

తీర్పు సంగతి తెలిసి తహసీల్దారుగారు రొప్పుకుంటూ వచ్చారు. "ఏరా, నన్ను పిలవలేదేం?"

"మూడుసార్లు పిలిసినాను బాబూ. ఈది సివరి గేదెలు గూడా తల తిప్పినాయి."

"తమకు వినపడలేదని ప్రమాణం చేసి అర్జీ పెట్టుకోండి" అన్నారు మున్సిఫుగారు మర్యాదగా. "మళ్ళీ వింటాను. గైరమ్మకున్న హక్కే తమకూ ఉంది." విశ్వపతిగారు వరండాలోని జనాన్ని చూశారు. వినపడలేదని ఆయన ప్రమాణం చేస్తే, వినపడిందని చెప్పడానికి ఊరంతా అక్కడే ఉంది. ఆయన అర్జీ పెట్టలేదు.

ఆ తర్వాత గైరమ్మకు నోటీసు వచ్చింది. చెప్పిన రోజుకు తహసీలు వరండాలో వచ్చి కూర్చుంది. అటువైపు బంట్రోతు ఆమెను గట్టిగా పిలిచాడు. ఆమె కదల్లేదు. రెండోసారి పిలిచాడు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. మూడోసారి పిలిచాక, తీరిగ్గా లేచి, "ఉన్నాను బాబూ" అంది. సర్కారు తనను పిలవడం ఎంతసేపైనా వినాలనిపించిందేమో, నేను తప్పు పట్టను. రోడ్డుకు అవతల, గాలి కచేరీవైపు తిరగని చోట, తనకు కావలసిన జాగా తానే చూపించింది. తహసీల్దారుగారు సంతకం పెట్టారు. ముక్కూ నిలిచింది, కూడూ నిలిచింది.

కాలం గడిచింది. బంట్రోతులకు ఎర్రపట్టీలు పోయాయి. మమ్మల్ని గోనెసంచిలో పోసి పాతసామాను కింద అమ్మేశారు. పాతసామాను బండివాడు నన్ను గైరమ్మ కూతురు రవణమ్మకు గుప్పెడు సావడాయలకు మార్చాడు. సర్కారు ముద్రను ఇలా అమ్మకూడదని చట్టం ఉందట. కానీ చింతపండు తోముడుకు నా సింహాలు ఏనాడో పిల్లులైపోయాయి, ఆ తర్వాత అవీ లేవు. నున్నటి రేకునని చూసి ఎవరూ అడ్డు చెప్పలేదు. వాళ్ళ పాత త్రాసులో తూకపురాళ్ళు పెట్టే పళ్ళెం కొంచెం తేలికైంది. ఆ పళ్ళెం కింద నన్ను తాడుతో కట్టారు, రెండూ సమంగా నిలవడానికి. అమ్మకానికి ముందు రవణమ్మ ఖాళీ త్రాసు ఒకసారి ఎత్తి, కొనేవాళ్ళకు చూపిస్తుంది. నా జీవితంలో నేను చేసిన మొదటి సర్కారు పని ఇదేనని ఇప్పుడనిపిస్తుంది.

మొన్న దాలినాయుడు వచ్చాడు. మీసం తెల్లబడింది, పొట్ట కరిగింది, గొంతు మాత్రం కాస్త మిగిలింది.

"అర్ధశేరు నెత్తళ్ళియ్యి. కొనుక్కుంటాను లే" అన్నాడు ముందుగానే.

మూల కూర్చున్న ముసలి గైరమ్మ నవ్వింది. "మంచియి సూసి ఎయ్యే" అంది కూతురితో.

రవణమ్మ తూచింది. పళ్ళేలు సమంగా నిలిచాయి. దాలినాయుడు సంచీ పట్టబోతే గైరమ్మ చేయి అడ్డం పెట్టి, గంపలోంచి ఒక గుప్పెడు తీసి కొసరుగా పళ్ళెంలో వేసింది. అడిగిన రోజున ఇవ్వనిది, అడగని రోజున తానే ఇచ్చింది. దాలినాయుడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నెత్తళ్ళ పళ్ళెం బరువుకు కిందికి దిగింది, దానితో నా పళ్ళెం పైకి లేచింది. సింహాలతో మెరిసిపోయిన రోజుల్లో కూడా నేనంత ఎత్తుకు వెళ్ళలేదు.